చీర చాటు చుట్టుకొలత

ప్యాంటు వేసుకునే మగవాళ్లకు ఓ హెచ్చరిక గంట ఉంది. నడుము రెండంగుళాలు పెరిగితే చాలు... గుండీ పట్టదు. బెల్టుకు కొత్త కన్నం పొడవాల్సి వస్తుంది. చీర కట్టుకునేవాళ్లకు ఆ గంట మోగదు. లంగా నాడా కాస్త వదులు చేసుకుంటే సరి, కుచ్చిళ్లు రెండు తగ్గుతాయంతే. నైటీ సంగతైతే చెప్పనే అక్కర్లేదు. జాకెట్టు కుట్టే టైలరు భుజాలు, చేతులు, ఛాతీ, మెడ అన్నీ కొలుస్తుంది కానీ బొడ్డు దగ్గర టేపు పెట్టదు. అలా ముప్ఫై అయిదేళ్ల దగ్గర మొదలైన పొట్ట నలభై అయిదేళ్ల దాకా ఎవరి లెక్కలోకీ రాకుండా పెరిగిపోతుంది. ఏ పెళ్లి ఫొటోలోనో పక్కనుంచి పడ్డప్పుడు కానీ 'ఇది నేనేనా?' అన్న అనుమానం రాదు.

హనుమకొండ నుంచి కరీంనగర్ వెళ్లే దారిలో హసన్‌పర్తి ఉంది. ఒకప్పుడు అచ్చంగా పల్లె. ఇప్పుడు గ్రేటర్ వరంగల్‌లో కలిసిపోయింది. ఎర్రగట్టు గుట్ట మీద వేంకటేశ్వరస్వామి, గుట్టకు ఎదురుగా కిట్స్ ఇంజినీరింగ్ కాలేజీ... ఊరూ నగరమూ ఒకదానిలోకి ఒకటి చొచ్చుకొచ్చిన చోటు. మధ్యవయసు పొట్ట కథ అర్థం కావాలంటే ఇలాంటి ఊళ్లే చూడాలి. ఎందుకంటే ఇక్కడ యాభైకి దగ్గర పడిన ఆడవాళ్లలో చాలామంది చిన్నప్పుడు బావిలో నీళ్లు చేదినవాళ్లు. రోట్లో పచ్చడి నూరినవాళ్లు, పొలంలో నాట్లేసినవాళ్లు. ఇప్పుడు నల్లా ఇంట్లోకే వచ్చింది. మిక్సీ వచ్చింది. సందు చివరి దుకాణానికైనా బండి తీస్తున్నారు. మారనిది ఒక్కటే... కంచంలో అన్నం కుప్ప!

"ఏందక్కా, పొద్దుగాల లేసి నడుస్తనే ఉన్నవ్ గని పొట్టయితే తగ్గుతలేదు గదా!"

"ఏం జేత్తం చెల్లె, వయసొచ్చినంక గంతే."

పొద్దున్నే నడకకు వచ్చే ఏ ఇద్దరు ఆడవాళ్ల వెనక నాలుగడుగులు వేసినా ఇంచుమించు ఇలాంటి మాటలే చెవిన పడతాయి. మరి నిజంగానే వయసొస్తే 'గంతే'నా?

నెపం వయసుది కాదు

నలభై దాటితే ఒంట్లో కేలరీలు ఖర్చవడం తగ్గిపోతుందనీ, అందుకే లావెక్కుతామనీ అందరూ నమ్మేస్తారు. 2021లో 'సైన్స్' పత్రికలో ఓ పెద్ద అధ్యయనం వచ్చింది. 29 దేశాలకు చెందిన 6,400 మందికి పైగా మనుషుల శక్తి ఖర్చును లెక్కగట్టారు. పుట్టిన వారం రోజుల పసికందు నుంచి తొంభై దాటిన వృద్ధుల దాకా అందులో ఉన్నారు. తేలిందేమిటంటే, శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే ఇరవై ఏళ్ల నుంచి అరవై దాకా ఆ ఖర్చు దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. ఆడవాళ్లకైనా అంతే, మగవాళ్లకైనా అంతే. కాబట్టి నలభై అయిదేళ్ల పొట్టకు వయసును మాత్రమే తిట్టిపోయడం అన్యాయం.

అయితే ఆడవాళ్లకు మరో మెలిక ఉంది. నెలసరి ఆగిపోయే దశ. వయసులో ఉన్నప్పుడు ఈస్ట్రోజెన్ హార్మోను కొవ్వును తొడలకూ పిరుదులకూ పంపుతుంది. ఆ హార్మోను తగ్గేకొద్దీ కొవ్వు దారి మార్చుకుని పొట్టలోకి చేరుతుంది. అమెరికాలో 1996 నుంచి ఆడవాళ్లను ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చిన 'స్వాన్' అధ్యయనం ఈ సంగతిని ఇంకాస్త విడమర్చింది. ఆఖరి నెలసరికి రెండేళ్ల ముందు నుంచి కొవ్వు చేరే వేగం సుమారు రెట్టింపవుతుంది. అదే సమయంలో కండ కరగడం మొదలవుతుంది. ఆఖరి నెలసరి అయిన రెండేళ్లకు ఆ వేగం నెమ్మదిస్తుంది. తూకంలో మాత్రం ఆ మధ్యలో పెద్ద తేడా కనిపించకపోవచ్చు. పోయిన కండ బరువు, వచ్చిన కొవ్వు బరువు చెల్లుకు చెల్లు! మూడేళ్లుగా అదే 62 కిలోలున్నాననే ఆవిడకు జాకెట్టు సరిపోతుంది కానీ పొట్ట ముందుకొస్తుంది. గుట్టంతా ఇక్కడే ఉంది.

ఇంకో మాట. చర్మం కింద, గిల్లితే వేళ్లకు దొరికే కొవ్వు చూడటానికి బాగోదేమో కానీ అంత ప్రమాదకారి కాదు. భయపడాల్సింది కడుపు లోపల పేగుల చుట్టూ, కాలేయం దగ్గర పేరుకునేదాని గురించి. అది ఊరికే ఉండదు. కొవ్వు ఆమ్లాలను నేరుగా కాలేయానికి వదులుతుంది. ఇన్సులిన్ మాట ఒంట్లో చెల్లకుండా చేస్తుంది. షుగరు, ఫ్యాటీ లివరు, గుండెజబ్బు... అన్నీ ఆ దారిలోనే వస్తాయి.

సన్నవాళ్ల లోపల కూడా

మన జాతికి ఇక్కడో శాపం ఉంది. పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ స్నేహితులు. ఇద్దరి బీఎంఐ అచ్చంగా ఒక్కటే, 22.3. చూడటానికి ఇద్దరూ సన్నగానే ఉన్నారు. స్కాన్ తీస్తే యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం! పక్కపక్కన నిలబడిన వాళ్ల ఫొటోను 2004లో 'లాన్సెట్' వేసింది. భారతీయుడు బయటికి సన్నం, లోపల లావు అని చెప్పడానికి డాక్టర్లు ఇప్పటికీ ఆ ఫొటోనే చూపిస్తారు.

అందుకే తూకం యంత్రం మీదకన్నా టేపు మీద నమ్మకం పెట్టుకోవడం మేలు. మన ఆడవాళ్లకు నడుము 80 సెంటీమీటర్లు, అంటే ముప్ఫై ఒకటిన్నర అంగుళాలు దాటకూడదు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 39.5 శాతం మందికి పొట్ట ఊబకాయం ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) లెక్కలను విశ్లేషిస్తే ఆడవాళ్లలో 40 శాతం, మగవాళ్లలో 12 శాతం అని తేలింది. బానపొట్ట అనగానే మనకు మగవాళ్లే గుర్తొస్తారు... సినిమాల్లో హాస్యనటుల పుణ్యమా అని. అంకెలు మాత్రం వేరే చెబుతున్నాయి.

కొలవడం ఎలా? చీరో నైటీయో మీద ఉండగా కాదు. ఆఖరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యలో, ఊపిరి వదిలాక, టేపు బిగించకుండా కొలవాలి. పొట్ట లోపలికి లాక్కుంటే మోసపోయేది మనమే. టేపు లేకపోతే ఓ దారం చాలు. మీ ఎత్తుకు సరిపడా కత్తిరించి సగానికి మడవండి. ఆ సగం మీ నడుము చుట్టూ తిరిగి రావాలి. రాలేదంటే నడుము ఎత్తులో సగం దాటినట్టే. భారతీయుల కోసం 2025 జనవరిలో ప్రకటించిన ఊబకాయ నిర్వచనంలోనూ నడుము కొలత, నడుముకు ఎత్తుతో ఉన్న నిష్పత్తి చోటు చేసుకున్నాయి.

ఆపరేషన్ తర్వాతే...

"పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించుకున్నాకే లావయ్యాను" అనేవాళ్లు మన ఊళ్లలో కోకొల్లలు. తెలంగాణలో పెళ్లయిన ఆడవాళ్లలో పది మందిలో ఆరుగురు ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. కాబట్టి లావైన ప్రతి ఆవిడకూ ఆ నెపం దొరుకుతుంది. కానీ ట్యూబెక్టమీలో అండాశయాల జోలికి వెళ్లరు. గొట్టాలను మాత్రమే మూసేస్తారు. హార్మోన్లు ఎక్కడివక్కడే ఉంటాయి. కాన్పుల తర్వాత వయసు, తిండి, పని తగ్గడం... వీటన్నిటి పాపం పాపం ఆ కుట్ల మీద పడుతోంది.

ఇంకో ఆపరేషన్ ఉంది. దానిమీద మాత్రం మన రెండు రాష్ట్రాల వాళ్లూ గట్టిగా మాట్లాడుకోవాలి. గర్భసంచి తీసేయడం. దేశం మొత్తం మీద 15-49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి ముగ్గురికి ఈ ఆపరేషన్ జరిగితే, తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ నూటికి ఎనిమిది మందికి పైనే. అదీ చాలామందికి ముప్ఫైల్లోనే! తెల్లబట్ట అవుతోందనో, నెలసరి ఎక్కువవుతోందనో, 'పిల్లలయిపోయారుగా, ఇంకా అదెందుకు' అనో. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన కొత్తలో ఈ ఆపరేషన్లు అవసరం లేకున్నా జరుగుతున్నాయన్న విమర్శలు వెల్లువెత్తాయి. పథకం కింద వీటిని ప్రభుత్వాసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. 2022లో కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. 2023 ఏప్రిల్‌లో వాటిని అమలు చేయాలని సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

పొట్టకూ దీనికీ సంబంధం ఏమిటంటే... గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. నలభై ఎనిమిదికి రావాల్సిన దశ ముప్ఫై ఆరుకే వచ్చి కూర్చుంటుంది. అండాశయాలు ఉంచినా అవి మామూలుకన్నా ముందే అలసిపోవచ్చు. పొట్టతో పాటు ఎముకలు గుల్లబారడం, గుండెకు రక్షణ తగ్గడం కూడా ముందే మొదలవుతాయి. ఎవరైనా గర్భసంచి తీసేద్దామంటే 'అండాశయాలు ఉంచుతారా?' అని అడగడం, ఇంకో డాక్టర్ దగ్గర రెండో మాట తీసుకోవడం మీ హక్కు. ఆపరేషన్ ఇప్పటికే అయిపోయిందా? డిశ్చార్జి కాగితం వెతికి చూడండి. అండాశయాలు తీశారో లేదో అందులో రాసి ఉంటుంది. నలభై ఏళ్లలోపే తీసేసి ఉంటే హార్మోన్ల చికిత్స గురించి గైనకాలజిస్టును అడగాల్సిందే. అది పొట్ట తగ్గించే మందు కాదు. కానీ ఎముకలకూ గుండెకూ దాని అవసరం ఉండొచ్చు.

కుప్ప అన్నం కథ

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో కొత్త ఆహార సూత్రాలు ప్రకటించింది. రోజుకు 2,000 కేలరీల భోజనంలో బియ్యం, గోధుమ, జొన్న లాంటి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు. కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు. పప్పులు, గుడ్లు, మాంసం కలిపి 85 గ్రాములు. పాలూ పెరుగూ 300 మిల్లీలీటర్లు. నూనె, నెయ్యి 27 గ్రాములు.

ఇప్పుడు మన వంటింటి లెక్క చూద్దాం. తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్ షాపుల్లో మనిషికి నెలకు ఆరు కిలోల సన్నబియ్యం ఇవ్వడం మొదలుపెట్టారు. అంటే రోజుకు 200 గ్రాములు. దొడ్డు బియ్యమైతే చాలా ఇళ్లలో ఇడ్లీ పిండికో, అమ్మకానికో పోయేవి. సన్నబియ్యం కుండలోకే వస్తున్నాయి. పొలం బియ్యమో, కొన్న బియ్యమో, పొద్దున ఇడ్లీ, ఉప్మా, సాయంత్రం బిస్కెట్లు వాటికి అదనం. 250 గ్రాముల గీత ఎక్కడ దాటిందో తెలియను కూడా తెలియదు. మరోపక్క కూర? ఓ గరిటెడు. పప్పుచారులో పప్పెంత? వెతుక్కోవాలి!

అన్నం మానేయమని ఎవరూ అనడం లేదు. మానేసినవాళ్లు మూడో వారంలో రెట్టింపు తింటారు. వడ్డించే వరస మార్చి చూడండి. ముందు కూర, పప్పు, ఓ గుడ్డు... ఆ మిగిలిన జాగాలో అన్నం. 60 కిలోల మనిషికి రోజుకు 50 గ్రాముల ప్రొటీన్ కావాలి. గుడ్డులో ఉండేది ఆరు గ్రాములు. చిక్కటి పప్పు ఓ కప్పులో ఏడు. కరుగుతున్న కండను పట్టి ఉంచేది ఇదే. 2025లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ ఆహార అధ్యయనం ప్రకారం మన కేలరీల్లో 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తున్నాయి, ప్రొటీన్ నుంచి 12 శాతమే.

జొన్నరొట్టె, గటుక తింటే కరిగిపోతామా? కేలరీల్లో జొన్నకూ బియ్యానికీ పెద్ద తేడా లేదు. కాకపోతే జొన్నరొట్టె నమలాలి, కడుపు త్వరగా నిండుతుంది, రెండు తినేసరికి చాలనిపిస్తుంది. తేడా అక్కడుంది. జొన్నలు మంచివి కదాని నాలుగు రొట్టెలు తింటే మాత్రం లెక్క మళ్లీ మొదటికే. సర్వపిండి, సకినాల గురించి నేనేమీ చెప్పను. సంక్రాంతికి సకినాలు తినని వరంగల్ ఎందుకు? డబ్బా మార్చి దాకా ఉండకుండా చూసుకుంటే చాలు.

నూనె సంగతి ఒక్క ముక్క. మనిషికి రోజుకు 27 గ్రాములంటే నలుగురున్న ఇంటికి నెలకు సుమారు మూడున్నర లీటర్లు, నెయ్యితో కలిపి. మీ ఇంట్లో ఎన్ని ప్యాకెట్లు ఖాళీ అవుతున్నాయో ఈ నెల లెక్కపెట్టి చూడండి.

ఇక పిల్లల కంచంలో మిగిలిన ముద్దలు. పారేస్తే పాపమని అమ్మలు తినేస్తారు. మిగిలిన కూర గిన్నె తుడుచుకుని తినేదీ ఆమే. పిల్లలకు వడ్డించేటప్పుడే తక్కువ పెట్టి మళ్లీ అడిగితే వేయడం ఒక్కటే దీనికి విరుగుడు.

నడక ఒక్కటే చాలదు

అరగంట నడకకు ఖర్చయ్యేది 120-150 కేలరీలు. తిరిగొచ్చేటప్పుడు రెండు మిర్చిబజ్జీలు తింటే చెల్లు! నడక వద్దని కాదు. షుగరుకూ బీపీకీ నిద్రకూ దానంత మందు లేదు. కాకపోతే ముచ్చట్లాడుతూ సాగే నడక కాదు... మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి, అంత వేగం. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాలు అంటోంది. దానితో పాటు వారానికి రెండు రోజులు కండరాలకు పని చెప్పమంటోంది. రెండోది మన ఆడవాళ్లు దాదాపుగా వదిలేశారు. జిమ్ముకే వెళ్లాలని లేదు. కుర్చీలో చేతులు ఆనించకుండా పదిసార్లు కూర్చుని లేవడం, గోడకు చేతులు ఆనించి ముందుకూ వెనక్కీ ఒరగడం, రెండు లీటరు సీసాల్లో నీళ్లు నింపి ఎత్తడం చాలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కుర్చీ మీద మెత్త వేసి ఎత్తు పెంచుకోవచ్చు.

పొట్ట వ్యాయామాలు మాత్రమే చేస్తే పొట్ట తగ్గదు. 2011లో అమెరికాలో 24 మందితో చేసిన చిన్న పరిశోధనలో ఆరు వారాలు పొట్ట కసరత్తులు చేసినవాళ్లకు కండ సత్తువ పెరిగింది, కొవ్వు మాత్రం తగ్గలేదు. కొవ్వు ఒంట్లో ఎక్కడినుంచి తీయాలో నిర్ణయించేది మనం కాదు. చెమట బెల్టులకు తగ్గేది నీరు. నిమ్మకాయ తేనె నీళ్లతో అదనంగా వచ్చేది తేనెలోని చక్కెర. ఊరటనిచ్చే సంగతీ ఉంది. తిండి, కసరత్తు కుదిరినప్పుడు లోపలి కొవ్వే త్వరగా కరగడం మొదలవుతుంది. బరువులో 5 శాతం తగ్గినా షుగరు, బీపీ రిపోర్టుల్లో తేడా కనిపిస్తుంది. 70 కిలోల మనిషికి అది మూడున్నర కిలోలే.

కొవ్వును పీల్చేయించుకుంటే పోదా? 2004లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో ఆ ముచ్చటా వచ్చింది. ఊబకాయమున్న 15 మంది ఆడవాళ్ల నుంచి సుమారు 10 కిలోల కొవ్వు తీశారు. ఇన్సులిన్ పనితీరులో మార్పేమీ లేదు. తీసింది చర్మం కింది కొవ్వు కదా మరి!

ఆవిడ నడిస్తే వంట ఎవరు చేస్తారు?

ఇదంతా చదివి 'టైమేదీ?' అనుకునే ఉంటారు. నిజమే. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపనులు చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు వాటికే వెచ్చిస్తున్నారు. మగవాళ్లు 88 నిమిషాలు. దాదాపు అయిదు గంటల పని! అయినా అది నడకకు బదులు కాదు. నిలబడి కూరగాయలు తరగడం గుండె వేగాన్ని పెంచదు. మధ్యాహ్నం కూర్చుని తాగే చాయ్ ఒక్కటే ఆమెకు తీరిక. దాన్ని కూడా లాక్కుని 'వాకింగ్ చెయ్యి' అనడం ఇంట్లోవాళ్లకు సులువు. పొద్దున ఆరు నుంచి ఆరున్నర దాకా టిఫిన్ పని ఇంకెవరైనా అందుకుంటేనే ఈ వ్యవహారం రెండో వారం దాటుతుంది. భార్య పొట్ట మీద జోకులేసే భర్తలు ఆ అరగంట పొయ్యి దగ్గర నిలబడి చూడాలి.

కొత్తగా సూదిమందులూ వచ్చాయి. టిర్జెపటైడ్ 2025 మార్చిలో, బరువు తగ్గడానికే ఇచ్చే సెమాగ్లుటైడ్ సూది అదే ఏడాది జూన్‌లో మన దేశంలో మార్కెట్లోకి దిగాయి. పనిచేస్తాయి. అయితే కొవ్వుతో పాటు కండనూ తగ్గిస్తాయి, వాంతులు, మలబద్ధకం తెస్తాయి. మానేస్తే బరువు చాలావరకు తిరిగొస్తుంది. ఊబకాయమో, షుగరో ఉన్నవాళ్లకు డాక్టరు రాసి, చూస్తూ ఉండాల్సిన మందులవి. మేనకోడలి పెళ్లికి సన్నబడటానికి మెడికల్ షాపులో అడిగి కొనుక్కునేవి కావు.

ఆశమ్మ సంచిలో టేపు

ముప్ఫై దాటినవాళ్ల ఇళ్లకు ఆశా కార్యకర్తలు ఓ ఫారంతో వస్తారు. వయసు, పొగాకు అలవాటు, వ్యాయామం, ఇంట్లో ఎవరికైనా షుగరు, బీపీ ఉన్నాయా... ఇవి అడుగుతారు. ఆ వరసలోనే నడుము కొలత కూడా ఉంది. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్ల లోపైతే సున్నా, 81 నుంచి 90 దాకా ఒక మార్కు, 90 దాటితే రెండు. అన్నీ కలిపి నాలుగు దాటితే ముందుగా పరీక్షలకు పంపాలి. చాలామంది 'మాకేం లేదమ్మా, రాసేసుకో' అని గుమ్మంలోనే పంపేస్తారు. ఈసారి లోపలికి పిలిచి కొలిపించుకోండి. టైలరు పెట్టని టేపు ఆమె పెడుతుంది.

థైరాయిడ్, షుగరు, కొలెస్ట్రాల్ పరీక్షలు ఓసారి చేయించుకుంటే మంచిది. ఇక పొట్ట అంతా కొవ్వే అనుకోవడానికీ లేదు. నెలల్లోనే గట్టిగా, గుండ్రంగా పెరుగుతోందా? రెండు ముద్దలకే కడుపు నిండిపోతోందా? చేతులూ మొహం చిక్కిపోతుంటే పొట్ట ఒక్కటే పెరుగుతోందా? మాటిమాటికీ మూత్రం వస్తోందా? నెలసరి ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపించిందా? అండాశయంలో గడ్డ, గర్భసంచిలో ఫైబ్రాయిడ్, కడుపులో నీరు చేరడం కూడా బయటికి పొట్టలాగే కనిపిస్తాయి. అండాశయ క్యాన్సర్ ఆలస్యంగా బయటపడటానికి ఓ కారణం ఇదే, గ్యాసనీ లావనీ సరిపెట్టుకోవడం. ఇలాంటప్పుడు నడక, జొన్నరొట్టె పక్కనపెట్టి ఆ వారంలోనే డాక్టర్ దగ్గరికి వెళ్లి స్కానింగ్ చేయించుకోవాలి. వరంగల్ ఎంజీఎం దగ్గరే ఉంది.